కొత్త రచయితల రాజకీయ లఘు నాటికలతో సేవాసంస్థకు నిధులు: స్క్రిప్టు పిలుపు నుంచి లెక్కల కాగితం దాకా

1943లో బెంగాల్‌ను కరువు తినేస్తుంటే, ఆ ఏడే బొంబాయిలో పుట్టిన ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) బృందాలు పాటలు పాడి, నాటికలు ఆడి బాధితుల కోసం చందాలు పోగుచేశాయి. తెలుగునాట ఆ ఒరవడిని ప్రజా నాట్యమండలి అందుకుంది. రాజకీయం మాట్లాడే నాటకం జోలె పట్టడం మనకు వింతేమీ కాదు. ఇవాళ్టి కష్టం వేరే చోట ఉంది. హాలు అద్దె, లైట్ల అద్దె కట్టేసరికి సంస్థకు ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగలదు. కొత్త రచయిత రాసిన మాట రిహార్సళ్లు పూర్తయ్యేలోగా ఇంకెవరి మాటో అయిపోతుంది. కింద చెప్పే ప్రతి అంచె ఈ రెండు నష్టాలు జరక్కుండా చూడడానికే. టికెట్ కొన్న మనిషి రూపాయి సంస్థకు చేరాలి, రాసిన మనిషి వాక్యం ప్రేక్షకుడికి చేరాలి.

కొలత ముందే అనుకుందాం. 12 నిమిషాల నాటికలు 5, నటులు 15 మంది, 150 సీట్ల హాలు, ఒకే రోజు రెండు ఆటలు, తయారీకి 12 వారాలు. పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, నాటిక అంటే గంటసేపు నడిచేది. ఇక్కడ మాట్లాడేది అందులో అయిదో వంతు నిడివి ఉన్నదాని గురించి. దాని నడక వేరు, రాత వేరు. గంట నాటికను కుదించి 12 నిమిషాలకు తేవాలని చూడకండి.

ముందు డబ్బు లెక్క

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూడండి. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. హాలు 8,000. లైట్లు, సౌండు 12,000. బ్లాకులు, సామగ్రి 7,000. రచయితలకు తలా 2,000 చొప్పున 10,000. నటుల రాకపోకలు, టిఫిన్లకు 9,000. పోస్టర్లు, టికెట్ల ముద్రణ 3,000. చేతిలో ఉంచుకోవలసింది 5,000. మొత్తం 54,000. టికెట్ 250 పెట్టి, 130 అమ్ముడయ్యాయనుకుంటే వచ్చేది 32,500. అంటే హాలు దాదాపు నిండినా సంస్థకు చేరేది సున్నా, పైగా 21,500 అప్పు.

ఈ చిక్కుకు రెండు విరుగుళ్లు ఉన్నాయి, రెండూ కలిపి వాడాలి. మొదటిది, అదే రోజు సాయంత్రం 4 గంటలకు ఒకటి, 7 గంటలకు ఒకటి, రెండు ఆటలు ఆడడం. లైట్ల అద్దె రోజుకే కాబట్టి పెరిగేది హాలుకు మరో 4,000, టిఫిన్లకు 2,000 మాత్రమే. ఖర్చు 60,000 అవుతుంది, టికెట్ల రాబడి 65,000కు చేరుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ 60,000నూ టికెట్ల అమ్మకం మొదలుకాక ముందే విడిగా సమకూర్చుకోవాలి. 5,000 చొప్పున ఇచ్చే 12 మంది దొరికితే చాలు. అప్పుడు టికెట్ మీద "మీరిచ్చిన ప్రతి రూపాయీ సంస్థకే" అని నిజాయితీగా అచ్చు వేయవచ్చు. ఆరు వారాల ముందుకల్లా ఖర్చుల సొమ్ములో మూడొంతులైనా చేతికి రాకపోతే ప్రదర్శనను వాయిదా వేయండి. అప్పు చేసి ఆడిన సహాయార్థ ప్రదర్శన వల్ల సంస్థకు పైసా రాదు, బృందం మాత్రం విడిపోతుంది.

నాటక ప్రదర్శనకు ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ పడదు. పెద్దమొత్తం ఇవ్వదలచినవాళ్లకు 1,000 రూపాయల 'దాత టికెట్' పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. టికెట్‌ను 250 దగ్గరే ఉంచి మిగతాది నేరుగా సంస్థకు విరాళంగా ఇవ్వమనండి. టికెట్ అనేది కుర్చీకి ఇచ్చిన ధర, విరాళం కాదు. దానికి 80జి రసీదు (దాతకు ఆదాయపన్ను మినహాయింపు తెచ్చేది) అడిగితే ఇవ్వలేమని ముందే చెప్పాలి.

టికెట్ల సొమ్ము ఎవరో ఒకరి సొంత ఖాతాలోకి పోవడం చాలా బృందాల్లో గొడవలకు మొదటి మెట్టు. రిజిస్టరైన సొసైటీ ఉంటే దాని ఖాతా వాడండి. లేకపోతే ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేసుకోవచ్చు, లేదా ఇప్పటికే రిజిస్టరైన నాట్యమండలితో కలిసి ఆడవచ్చు.

సంస్థను ఎంచుకోవడం

నాటికల విషయానికీ సంస్థ పనికీ చుట్టరికం ఉంటే మంచిదే, కానీ నాటికలు సంస్థ గురించి కావలసిన పని లేదు. ఉచిత న్యాయసహాయం చేసేవాళ్లు, నిరాశ్రయులకు రాత్రి బస నడిపేవాళ్లు, హాస్టలు పిల్లలకు గ్రంథాలయం పెట్టేవాళ్లు, తలసేమియా పిల్లలకు రక్తం సమకూర్చేవాళ్లు, వీళ్లలో ఎవరి కోసమైనా ఆడవచ్చు. సంస్థను పొగుడుతూ నాటిక రాయమని రచయితను అడిగితే మాత్రం వచ్చేది కరపత్రమే.

సంస్థ దగ్గర చూడవలసిన కాగితాలు: రిజిస్ట్రేషన్, పాన్, 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది), 80జి ధ్రువపత్రాలు (గడువు తేదీతో సహా), కిందటి ఏడాది ఆడిట్ నివేదిక. అడిగితే నొచ్చుకునే సంస్థతో పని పెట్టుకోకండి. తరవాత ఒకే పేజీ ఉత్తరం మీద ఇద్దరూ సంతకం చేయండి. అందులో నాలుగు మాటలు తప్పకుండా ఉండాలి. స్క్రిప్టులో మార్పులు కోరే హక్కు సంస్థకు లేదు. స్క్రిప్టులు చదివాక ఫలానా తేదీలోగా తప్పుకునే హక్కు మాత్రం ఉంది. పోస్టరు మీద సంస్థ ముద్ర ఎక్కడ, ఎంత పరిమాణంలో వేస్తారో ఇద్దరికీ తెలుసు. డబ్బు ఏ తేదీకి, ఏ ఖాతాకు చేరుతుందో రాసి ఉంది. వీటిలో రెండోదాన్ని బృందాలు తరచు మరచిపోతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ బడుల్లోనో అనుమతితో పనిచేసే సంస్థకు ఒక పదునైన నాటిక నిజంగానే ఇబ్బంది తేవచ్చు. ఆ భయాన్ని తప్పుపట్టకూడదు, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్లు సాయం చేస్తామని ముందుకొస్తారు. అక్కడ ఒక గీత ఉంది. భారతీయ పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనిషి ఇస్తే, పుట్టింది గుంటూరైనా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ద్వారానే దాన్ని తీసుకోవాలి. ఆ సొమ్ము మీ బృందం ఖాతాను తాకకూడదు. ఆట ఖర్చులకైతే అసలే వద్దు.

హాలు, తేదీ, అనుమతులు

హైదరాబాద్‌లో రవీంద్రభారతి సుమారు వెయ్యి సీట్లది. అందులో 150 మంది కూర్చుంటే నటుల గుండె జారిపోతుంది. ఈ కొలతకు బంజారాహిల్స్‌లోని లామకాన్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని హాళ్ల లాంటివి సరిపోతాయి. ఇతర ఊళ్లలో కాలేజీ సెమినార్ హాలో, గ్రంథాలయం పై అంతస్తో చూడండి. హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు ఫ్యాన్లు, ఏసీ అన్నీ వేయించి, వేదిక మీద ఒకరు మామూలు గొంతుతో మాట్లాడుతుంటే చివరి వరసలో కూర్చుని వినండి. తరవాత కిటికీలన్నీ మూయించండి. సాయంత్రం 4 గంటల ఆటకు చీకటి కావాలంటే ఎన్ని నల్లగుడ్డలు పట్టుకురావాలో అప్పుడే తెలుస్తుంది.

నాటకాలను ముందే నిషేధించే అధికారం ఇచ్చిన 1876 నాటి బ్రిటిష్ చట్టాన్ని పార్లమెంటు 2018లో తొలగించింది. అంతమాత్రాన చేతులు దులుపుకోవద్దు. తేదీ, సమయం, హాలు, బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఏ అనుమతులు కావాలో హాలు మేనేజరుకు బాగా తెలుస్తుంది, అడగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. మూసి ఉన్న హాలు లోపలికి ఆ నిబంధన వర్తించకపోయినా, తలుపులు తెరిచి వాకిట్లో స్పీకరు పెడితే వర్తిస్తుంది.

ఎన్నికల క్యాలెండరు చూడకుండా తేదీ ఖాయం చేయకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సంగీత కచేరీ, నాటక ప్రదర్శన లాంటి వినోదం పేరిట ఎన్నికల విషయం ప్రచారం చేయడాన్ని నేరంగా పేర్కొంది. రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. మామూలు రోజుల్లో నిరపాయమైన నాటిక ఆ రెండు రోజుల్లో కేసు కాగలదు. ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే ప్రభుత్వ హాళ్ల బుకింగు రద్దయ్యే ప్రమాదం కూడా ఉంటుంది.

స్క్రిప్టుల పిలుపు

పిలుపు ఒక పేజీ దాటకూడదు. మూడు వారాల గడువు ఇవ్వండి. ఇదివరకు రంగస్థలం మీద నాటకం ఆడబడని రచయితలకే అని స్పష్టంగా చెప్పండి. ఆ గీత గీయకపోతే పరిషత్తుల్లో చేయి తిరిగినవాళ్లు పాత నాటికలు కుదించి పంపుతారు, కొత్తవాళ్లు వెనక్కి తగ్గుతారు. పరిమితులు కూడా చెప్పండి: పైకి చదివితే 10 నిమిషాలు దాటకూడదు (వేదిక మీద అదే 12 అవుతుంది), పాత్రలు నాలుగు లోపు, ఒకే చోటు, ఒకే సమయం, తెరలు దించే రంగాలు వద్దు. పేరు విడి కాగితం మీద రాయమనండి. చదివే ముగ్గురికీ పేర్లు తెలియకూడదు. తెలుగు రంగస్థలం చిన్న ఊరు లాంటిది, పేరు కనిపిస్తే మొహమాటం కూడా వచ్చేస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరైనా నాటకరంగం బయటివాళ్లయితే మేలు. కోర్టు విలేకరో, యూనియన్‌లో పనిచేసినవాళ్లో, గ్రామ సచివాలయంలో కూర్చున్నవాళ్లో అయితే కాగితం మీది రాజకీయం ఎంత నిజమో చెప్పగలరు.

ఎంపికలో 5 కాదు, 7 తీసుకోండి. రెండు తప్పనిసరిగా రాలిపోతాయి.

పన్నెండు నిమిషాల్లో రాజకీయం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇదే, అందరూ తొందరపడేదీ ఇక్కడే.

రాజకీయ నాటికను చంపేది ఉపన్యాసం. కొత్త రచయిత కోపంగా ఉంటాడు, ఉండాలి కూడా. కానీ ఆ కోపాన్ని ఒక పాత్ర నోట్లో పెట్టి మిగతా మూడు పాత్రల చేత తలలూపిస్తాడు. దీనికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. స్క్రిప్టులో నాలుగు వరసలకు మించిన ప్రతి మాటకూ కింద గీత గీయండి. ఆ మాట మధ్యలో వేదిక మీద ఉన్నవాళ్లలో ఎవరు, ఎందుకు అడ్డుపడతారని రచయితను అడగండి. అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరంటే అది సంభాషణ కాదు, ప్రకటన.

12 నిమిషాలు పట్టుకోగలిగేది ఒక లావాదేవీని. ఒకరికి ఒకటి కావాలి, ఇంకొకరు ఇవ్వరు, లేదా ఇవ్వలేరు. చౌకధరల దుకాణంలో ఈ-పాస్ యంత్రం ముందు నిలబడిన ముసలి కూలీని తీసుకోండి. సున్నం పనిలో వేలిముద్ర అరిగిపోయింది, యంత్రం ఒప్పుకోదు. డీలరుకు ఆ మనిషి పాతికేళ్లుగా తెలుసు, యంత్రానికి తెలియదు. బియ్యం ఇస్తే డీలరుకు తంటా, ఇవ్వకపోతే ఊరికి ముఖం చూపించలేడు. ఇందులో పార్టీ పేరు లేదు, మంత్రి పేరు లేదు, ఉపన్యాసం అక్కర్లేదు. పౌరుడి గుర్తింపును ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న మాత్రం హాలు మొత్తం మీద పడుతుంది. డీలరును దుర్మార్గుణ్ణి చేస్తే ఈ నాటిక కూలిపోతుంది. అతనూ ఇరుక్కుపోయిన మనిషైతేనే ప్రేక్షకుడి చూపు అతన్ని దాటి వ్యవస్థ మీదికి పోతుంది.

రెండో పరీక్ష: వచ్చే ఎన్నికల్లో ప్రభుత్వం మారితే ఈ నాటిక నిలబడుతుందా? నిలబడకపోతే అది ఒక పార్టీ మీద చెణుకు, అంతే. బతికున్న నాయకుల పేర్లు, వాళ్ల యాసను అనుకరించడం, వాళ్ల కుటుంబాల ప్రస్తావన తీసేయమనడానికి పరువునష్టం కేసు (భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్) ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, నాయకుడు గుర్తుపట్టబడగానే ప్రేక్షకులు రెండు జట్లుగా చీలిపోయి వినడం మానేస్తారు.

నవ్వు ఎవరి మీద పడుతోందో లెక్కపెట్టండి. తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస, రాయలసీమ యాస పనివాడికీ రౌడీకీ ఇచ్చి, అధికారికి మాత్రం పుస్తకాల భాష ఇచ్చే అలవాటు మన నాటకాల్లోకి సినిమాల నుంచి వచ్చింది. అది కూడా రాజకీయమే, మీరు ఖండించదలచిన రాజకీయమే. నత్తి, కుంటితనం, కులం పేరు, ఆడవేషంలో మగవాడు, వీటి మీద నవ్వు వస్తే దాన్ని కత్తిరించండి. రచయితను తన ఊరి మాటలోనే అందరినీ మాట్లాడించమనండి, కలెక్టరుతో సహా.

మిగతా జబ్బులు త్వరగా చెప్పేయవచ్చు. సగం నాటిక ఫోన్‌లో మాట్లాడడం. టీవీ వార్తల గొంతు తెర వెనక నుంచి వినిపించి కథ చెప్పడం. షార్ట్ ఫిల్ములా ఫ్లాష్‌బ్యాకులు. చివర్లో అందరూ వరసగా నిలబడి పిడికిళ్లెత్తి ప్రేక్షకులకు నినాదం ఇవ్వడం. ఈ చివరిదాన్ని వదులుకోవడానికి రచయితలు చాలా బాధపడతారు. నినాదానికి ముందున్న మాట దగ్గర లైటు ఆర్పేసి ఒకసారి చూపించండి. హాల్లో నిశ్శబ్దం విన్నాక వాళ్లే ఒప్పుకుంటారు.

మెరుగుపరిచే పద్ధతి ఇలా ఉండాలి. ప్రదర్శనకు ఎనిమిది వారాల ముందు ఒక ఆదివారం ఏడుగురు రచయితలనూ కూర్చోబెట్టి, ఒకరి నాటికను మిగతావాళ్ల చేత చదివించండి. రాసినవాళ్లు మాట్లాడకూడదు. విన్నవాళ్లు మూడింటికే జవాబు చెప్పాలి: ఎక్కడ మనసు పక్కకు పోయింది, ఎవరికి ఏం కావాలో ఎప్పుడు అర్థమైంది, ఏ మాట ఇంటికి పట్టుకెళ్తారు. "నేనైతే ఇలా రాసేవాణ్ణి" అనే మాటను అక్కడ నిషేధించండి. రెండు వారాల్లో రెండు తిరగరాతలు. ప్రదర్శనకు నాలుగు వారాల ముందు స్క్రిప్టు ఖరారు చేసి, తేదీ వేసి, రచయిత సంతకం తీసుకోండి. ఆ తరవాత ఒక్క పదం మారాలన్నా సంతకమే.

రచయితతో ఒప్పందం

సహాయార్థ ప్రదర్శన కదా అని రచయితకు డబ్బు ఇవ్వకపోవడం అన్యాయం. హాలువాడు ఉచితంగా ఇవ్వడు, లైట్లవాడు ఉచితంగా ఇవ్వడు, వాక్యం రాసినవాడు మాత్రం ఎందుకివ్వాలి? తీసుకున్నాక రచయిత విరాళంగా ఇచ్చేస్తే అది ఆ మనిషి ఇష్టం.

కాపీరైట్ రచయితదే. మీకు కావలసింది ఆడుకునే అనుమతి మాత్రమే. 'హక్కులన్నీ బృందానివే' అని రాయించుకోకండి, రచయితలు కూడా అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి. ఎన్ని ప్రదర్శనలు, ఎంత కాలం, ఏ ప్రాంతంలో అని రాయండి. ఉదాహరణకు 4 ప్రదర్శనలు, ఒక సంవత్సరం, రెండు తెలుగు రాష్ట్రాలు. హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు చెప్పకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది 5 ఏళ్లని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశమంతా అని లెక్క. వీడియోకు వేరే పేరా, వేరే అనుమతి.

ఇక్కడే సంగీతం సంగతి. ఔత్సాహిక బృందాలు ఉచితంగా ఆడుకునే ప్రదర్శనకో, మతసంస్థ సహాయార్థం ఆడేదానికో చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి సేవాసంస్థ కోసం ఆడేది అందులోకి రాదు. కాబట్టి సినిమా పాట ముక్కను వాడాలంటే లైసెన్సు తీసుకోవాలి. ఒక డప్పు, ఒక గొంతు ఉంటే ఈ బాధ లేదు. నాటికల మధ్య ఖాళీని అవే నింపుతాయి.

రిహార్సళ్లు

12 నిమిషాల నాటికకు రెండేసి గంటల చొప్పున 8 సార్లు సరిపోతుంది. మొదటిదాంట్లో చదవడం, రెండు మూడింట్లో కదలికలు, నాలుగోదాని నుంచి చేతిలో కాగితం లేకుండా. ఒక నటుడు రెండు నాటికలకు మించి వేయకూడదు. మూడోది వేస్తే ప్రేక్షకుడికి డీలరు ముఖంలో కిందటి నాటికలోని ఎస్సై కనిపిస్తాడు.

రచయిత దర్శకత్వం చేయకూడదు, మొదటి నాటికకైతే అసలే వద్దు. అలాగని దూరంగా ఉంచకూడదు. మొదటి చదువుకు, నాలుగో రిహార్సల్‌కు, చివరి రెంటికీ రావాలి. చెప్పదలచింది నటులతో కాదు, దర్శకుడితో చెప్పాలి. నటులు 'నోటికి తిరగడం లేద'ని మాట మార్చేస్తుంటారు. చాలాసార్లు తిరగనిది నోరు కాదు, అలవాటు. మూడు రోజులు రాసినట్టే పలకమనండి. అప్పటికీ తట్టుకుంటే రచయితను అడగండి.

రంగం, లైట్లు, మైకులు

అయిదు నాటికలకూ ఒకే రంగాలంకరణ కావాలి: నాలుగు చెక్క బ్లాకులు, ఒక బల్ల, రెండు కుర్చీలు. బ్లాకు అంటే అన్నివైపులా 18 అంగుళాలున్న పెట్టె, కింద వైపు తెరిచి ఉంటుంది. 8×4 అడుగుల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటులో 18 అంగుళాల చదరాలు 10 వస్తాయి. ఒక్కో బ్లాకుకు అయిదు కావాలి కాబట్టి రెండు షీట్లకు నాలుగు బ్లాకులు. ఎదురెదురు రెండు పలకలను రెండు అంచులా ప్లైవుడ్ మందం మేర చెక్కితేనే మూలలు కలుస్తాయి. మిగిలిన పట్టీలను లోపలి మూలల్లో స్క్రూలతో బిగించండి, మేకులతో కాదు. నటుడు ఎక్కి నిలబడేది దాని మీదే. బూడిద రంగు మ్యాట్ పెయింట్ వేయండి, నిగనిగలాడే రంగు లైటును ముఖాల మీదికి తిప్పికొడుతుంది. అదే బ్లాకు ఒక నాటికలో గట్టు, ఇంకోదాంట్లో కౌంటరు, మరోదాంట్లో సమాధి. ప్రతి నాటికకూ బ్లాకుల చోటును వేరు రంగు టేపుతో నేల మీద గుర్తు పెట్టండి.

రంగోద్దీపనానికి ఎనిమిది లైట్లు చాలు. ముందు నుంచి ముఖాల మీదికి నాలుగు, పక్కల నుంచి రెండు, వెనక నుంచి రెండు. అద్దెకిచ్చేవాళ్లు అన్నీ ఎల్‌ఈడీ పార్ లైట్లే (రంగులు మార్చే గుండ్రటి స్టేజి లైట్లు) పంపుతారు. వాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మాత్రమే ఉంటే మన చామనఛాయ ముఖాలు ఊదారంగుకు తిరుగుతాయి. తెలుపు కూడా ఉన్నవి అడగండి, లేదా ముఖాల మీదికి వేసే నాలుగు మాత్రం పాత హాలోజన్‌లు తెప్పించండి. 1,000 వాట్ల హాలోజన్ 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల లైను మీద మూడింటికి మించి పెట్టకూడదు. నాలుగోది పెడితే ఆట మధ్యలో ఎంసీబీ పడిపోవచ్చు. సౌండును వేరే లైనులో పెట్టండి, లేకపోతే డిమ్మర్ల గరగర స్పీకర్లలో వినిపిస్తుంది.

150 సీట్లకు మైకు లేకుండా వినిపించగలిగితే అదే మేలు. ఫ్యాన్ల మోత వల్ల కుదరకపోతే వేదిక అంచున మూడు నేల మైకులు పెట్టండి, స్పీకర్లు వాటికన్నా ముందు ఉండాలి. వెనక పెడితే కూత తప్పదు. కాలర్ మైకులు అయిదు నాటికల మధ్య మార్చుకోవడం నరకం. పట్టుచీర గరగర ఒకవైపు, బ్యాటరీ అయిపోవడం ఒకవైపు.

నాటికకూ నాటికకూ మధ్య మార్పు ఒక నిమిషంలో ముగియాలి. పూర్తి చీకట్లో కాదు, మసక నీలం వెలుగులో. చీకట్లో బ్లాకు తట్టుకుని నటులు పడతారు. ఎవరు ఏ బ్లాకు ఎత్తుతారో కాగితం మీద రాసి, సాంకేతిక రిహార్సల్‌లో స్టాప్‌వాచీ పెట్టి పది సార్లు చేయించండి. అయిదు నాటికలు బాగుండి మధ్య ఖాళీలు మూడేసి నిమిషాలైతే ప్రేక్షకుడికి గుర్తుండేది ఆ ఖాళీలే.

ఆట రోజు

సన్మానాలు వద్దు. శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం వద్దు. వీటికి పోయే ముప్పావు గంటలో మూడు నాటికలు ఆడవచ్చు. రాజకీయ నాటికల సాయంత్రం వేదిక మీదికి ఏ పార్టీ మనిషిని పిలిచినా, ఆడబోయే ప్రతి మాటనూ ఆ పార్టీ కళ్లజోడులోంచే చూస్తారు.

టికెట్ మీద మూడు సమయాలు అచ్చు వేయండి, 7 గంటల ఆటకైతే: తలుపులు తెరిచేది 6:45, ఆరంభం 7:00, ముగింపు (ఆట తరవాతి చర్చతో సహా) 8:40. ఆ మాట మీద నిలబడండి. వరస ఇలా పెడితే నప్పుతుంది: మొదట నవ్వించేది, రెండోది మధ్యస్థం, మూడోది అన్నిటికన్నా బరువైనది, 12 నిమిషాల విరామం, నాలుగోది చురుకైనది, అయిదోది మనసులో మిగిలిపోయేది.

విరాళాల విజ్ఞప్తి అన్నీ అయిపోయాక పెడితే సగం జనం చెప్పుల కోసం వెతుక్కుంటుంటారు. అయిదో నాటికకు ముందు పెట్టండి. సంస్థలో రోజూ పని చేసే మనిషి ఒకరే, 90 సెకన్లు, వెయ్యి రూపాయలతో ఏం జరుగుతుందో ఒకే ఒక సంగతి. తలుపు దగ్గర పెట్టే క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే అయి ఉండాలి. ఉదయమే స్కాన్ చేసి తెర మీద సంస్థ పేరు వస్తోందో లేదో చూసుకోండి. నగదు డబ్బా పక్కన పుస్తకం పెట్టి పేరు, చిరునామా, పాన్ రాయించండి. పేరు లేని విరాళాలు ఒక పరిమితి దాటితే సంస్థ 30 శాతం పన్ను కట్టాలి. నగదుగా 2,000 దాటి ఇస్తే దాతకు 80జి మినహాయింపు రాదు, కాబట్టి పెద్దమొత్తాలు యూపీఐలోనో చెక్కుతోనో ఇవ్వమనండి.

ఫోన్లలో రికార్డు చేయవద్దని మర్యాదగా చెప్పండి. 20 సెకన్ల ముక్క సందర్భం తెగిపోయి ఊరంతా తిరిగితే ఆ రచయితే దెబ్బతింటాడు. మీ కెమెరా ఒకటి వెనక పెట్టుకోండి.

ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. నటులు ఉన్నచోటే ఆగిపోతారు, జవాబు చెప్పరు. స్టేజ్ మేనేజరు హాలు లైట్లు వేయిస్తారు. ఇద్దరు వాలంటీర్లు, వారిలో ఒక మహిళ, ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఆట అయ్యాక చర్చలో మొదటి ప్రశ్న మీదేనని చెబుతారు. ఎక్కువమంది ఇంతతోనే కూర్చుంటారు. గుంపుగా వస్తే ఆట ఆపి, నటులను వెనక తలుపు నుంచి పంపి, స్టేషన్‌కు ఫోన్ చేయాలి. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో వీధి నాటకం ఆడుతుండగా సఫ్దర్ హాష్మీ బృందం మీద దాడి జరిగింది, మరునాడు ఆయన చనిపోయారు. ప్రదర్శన మళ్లీ పెట్టుకోవచ్చు. వెనక తలుపు తాళం ఎవరి దగ్గర ఉందో ఉదయమే కనుక్కోండి.

లెక్క

ఆట ముగిసిన రాత్రే, హాల్లోనే, ఇద్దరు కలిసి నగదు లెక్కపెట్టి, నోట్ల వారీగా కాగితం మీద రాసి, సంస్థ మనిషితో పాటు ముగ్గురూ సంతకం చేయాలి. టికెట్ల కౌంటర్‌ఫాయిళ్లు సొమ్ముతో సరిపోలాలి. ఉచితంగా ఇచ్చిన టికెట్లు ఎన్నో కూడా రాయండి. టికెట్ల సొమ్ము వారంలోగా బ్యాంకు ద్వారానే సంస్థకు పంపండి. 15 రోజుల్లో ఒక పేజీ లెక్క విడుదల చేయండి: టికెట్ల రాబడి, నేరుగా వచ్చిన విరాళాలు, ఖర్చుల కోసం ఎవరెంత ఇచ్చారు, ఏది దేనికి ఖర్చయింది, సంస్థకు చేరిన మొత్తం, చేరిన తేదీ. ఖర్చుల సొమ్ములో మిగిలింది ఉంటే దాన్ని ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. టికెట్ కొన్న ప్రతి ఫోన్ నంబరుకూ ఆ పేజీని పంపండి. వచ్చే ఏడాది టికెట్లను అమ్మేది పోస్టరు కాదు, ఆ పేజీ.

రచయితలకు ఖరారైన స్క్రిప్టు ప్రతి ఒకటి, వీడియో ఒకటి, పారితోషికం అందిన రసీదు నకలు ఇచ్చి పంపండి. బ్లాకులను గోడకు ఆనించకుండా ఇటుకల మీద పెట్టండి, చెదలు ముందుగా పట్టేది తెరిచి ఉన్న కింది అంచునే.